ఆగ్నేయంలో మంచు

మిర్యాలగూడలో మేము కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు హాల్లో ఉత్తరం గోడ ఒక్కటే బోసిగా మిగిలింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు ప్రసాదం చేతిలో పట్టుకుని ఆ గోడ ముందు ఆగి, అక్కడ ఏం పెడితే బాగుంటుందో చెప్పి పోయారు. ఉరికే గుర్రాల బొమ్మ పెట్టమన్నారు కొందరు. నేరేడుచర్లలో ఉండే నా బామ్మర్ది నర్సిరెడ్డి అయితే జలపాతం బొమ్మ ఫ్లెక్సీ మీద కొట్టించి తెస్తానని గోడను కొలుచుకున్నాడు కూడా. దాని వెనక లైటు పెడితే నీళ్ళు నిజంగా పారుతున్నట్టే ఉంటాయట.

"మామయ్యా, జలపాతం వద్దు," అంది మా కోడలు వందన, నాకు మాత్రమే వినపడేటట్టు. "గా గోడకు నేను బొమ్మ ఏస్త."

వందన పుట్టిల్లు సూర్యాపేట. పెళ్ళికి ముందే డ్రాయింగులో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయింది. మిగిలినదంతా ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. ఆమె అడిగింది ఒక్క గోడ కాదని నాకు తెలుసు. మా మేడ మీద ఒకే ఒక గది ఉంది. పెద్ద పెద్ద కిటికీలు, పొద్దంతా వెలుతురు. వందనకు ఆ గది మీద మనసు. మా ఇంటావిడ చంద్రకళకు ఆ గది కిరాయి మీద మనసు. టు-లెట్ బోర్డు అప్పటికే రాయించి బీరువా వెనక పెట్టింది.

చంద్రకళ అన్యాయస్తురాలు కాదు. కోడలి కోరిక విని, బాగా ఆలోచించి తీర్పు చెప్పింది.

"ముందుగాల ఒక్క బొమ్మ ఏసి గోడకు పెట్టు. వచ్చిపోయేటోళ్ళు సూసి మంచిగున్నది అంటే ఆ గది నీకే. రంగులే పూసుకుంటవో, ఏమే జేసుకుంటవో. అనకుంటే కిరాయికిస్త. మల్ల నన్ను అడగొద్దు."

"సరే అత్తమ్మా," అంది వందన.

పోర్టికోలో ఇన్వర్టర్ పక్కన స్టాండు వేసుకుని మొదలుపెట్టింది. ఏం వేస్తున్నావని మా అబ్బాయి వంశీ అడిగితే, మంచు అని చెప్పింది. వాడు నవ్వాడు.

"ఏ మంచు? మనాలిల సూసినమే, గదా? అది మంచా! గుర్రాలు తొక్కి తొక్కి పేడల కలిసిపోయింది. రబ్బరు బూట్లకు, కోట్లకు కిరాయి గుంజిన్రు సూడు, ఆ బొమ్మ ఏయి."

"మీరు బూట్లు సూసిన్రు. మీరు నిద్ర లేవకముందు నేను కిటికీలకెళ్ళి కొండను సూసిన. అప్పుడే పొద్దెక్కుతున్నది."

వాడు నిద్ర లేవకముందు జరిగినదాని గురించి వాడేం మాట్లాడగలడు?

నేను బియ్యం వ్యాపారంలో తల నెరిసినవాణ్ణి. తెలుపును చూసి ధర చెప్పడమే నా పని. గింజలో కొంచెం పసుపు ఉన్నా, కొంచెం ఎరుపు ఉన్నా దోసిట్లోకి తీసుకోగానే నాకు తెలిసిపోతుంది. అలాంటి నాకు ఆ మంచులో తెలుపు ఎక్కడా దొరకలేదు. నీలం ఉంది. వంకాయ రంగు ఉంది. ఒక అంచున గులాబీ, ఇంకో అంచున పండిన నిమ్మకాయ రంగు ఉన్నాయి.

"మంచు తెల్లగుండదా బిడ్డా?" అని అడిగాను.

"ఉంటది మామయ్యా. కానీ దాని మీద పొద్దు పడ్డంక ఇంక తెలుపు యాడ మిగుల్తది?"

ఈ పద్ధతిని ఇంప్రెషనిజం అంటారని చెప్పింది. పూర్వం ఫ్రాన్సు దేశంలో కొందరు, వస్తువును వదిలేసి, ఆ గడియలో ఆ వస్తువు మీద పడ్డ వెలుతురును వేసేవారట. గీత గీయరు. మచ్చలు పెట్టుకుంటూ పోతారు. దగ్గర నుంచి చూస్తే మచ్చలే. దూరం జరిగితే బొమ్మ కనపడుతుంది. దగ్గర నుంచి కూడా కనపడేటట్టు వేస్తే ఏం పోయింది అని అడగబోయాను. కానీ గుడిలో దేవుణ్ణి కూడా మనం గడప ఇవతల నిలబడే చూస్తాం కదా అనిపించి ఊరుకున్నాను.

ఉగాది ముందురోజు వడ్రంగి ఐలన్న వచ్చి డ్రిల్లుతో బెజ్జం పెట్టి బొమ్మను ఉత్తరం గోడకు తగిలించాడు. చిక్కు అక్కణ్ణుంచే మొదలైంది. మావాళ్ళకు బొమ్మ చూడడం అంటే పెళ్ళి ఆల్బం చూసినట్టు. ముక్కు ఆనించి చూస్తారు. పండుగనాడు వచ్చిన నర్సిరెడ్డి నేరుగా గోడ దగ్గరికి పోయి, కళ్ళద్దాలు పైకి జరిపి, బొమ్మను తడిమి కూడా చూశాడు.

"గిదేంది బావా? పుట్టీ మీద రంగు ట్రయలేసి ఇడిసిపెట్టిన్రు? పెయింటరు మల్ల రాలేదా?"

"నర్సి మామయ్యా, జర ఎనకకు రాండ్రి," అంది వందన. "ఇంక జర. ఇగో, గీ సోఫల కూసోండ్రి. ఇప్పుడు సూడుండ్రి."

నర్సిరెడ్డి కూర్చుని చూశాడు. నోరు కొంచెం తెరుచుకుంది. లేచి గోడ దగ్గరికి పోయాడు. మళ్ళీ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ పోయాడు.

"అరే! ఈడికెళ్ళి కొండున్నది. ఆడికి పోతే లేదు. ఏమైతున్నది?"

ఆయన పోయాక వంటింట్లో విచారణ జరిగింది.

"మంచిగున్నది అన్నడా?" అంది చంద్రకళ.

"ఏమైతున్నది అన్నడు," అన్నాను.

"అది మంచిగున్నది అన్నట్టు గాదు."

ఆ రోజు నుంచి వందన ఎవరొచ్చినా ముందు సోఫాలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత గోడ వైపు చూడనిచ్చేది. ఎండలు ముదురుతున్నాయి. బజారులో నుంచి చెమటలు కక్కుతూ వచ్చినవాళ్ళకు సోఫాలో కూర్చోగానే ఎదురుగా మంచు. పక్కింటి టీచరమ్మ, "సల్లగున్నదమ్మా పానానికి," అంది. మా మిల్లు గుమాస్తా నిలబడి దణ్ణం పెట్టాడు, కైలాసం అనుకున్నాడో ఏమో. చంద్రకళ మెత్తబడుతున్నట్టే కనిపించింది. "ఇంకిద్దరు ముగ్గురు అననీ, సూద్దాం," అంది ఒకనాడు.

ఇంతలో బోరు మోటారు కాలిపోయింది. బాగు చేయించి దింపితే మళ్ళీ కాలిపోయింది.

నేను నమ్మకం గల మనిషిని. పొద్దున దీపం పెట్టకుండా మిల్లుకు పోయింది లేదు. ఇల్లు కట్టేటప్పుడు ప్రతి గుమ్మం కోదాడ సిద్ధాంతి గారు చెప్పిన కొలతకే పెట్టించాను. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల మోటారు కాలిందని మెకానిక్ చెప్పాడు. అది నిజమే అయి ఉండవచ్చు. కానీ హెచ్చుతగ్గులు మా ఇంటికే ఎందుకు రావాలి అని చంద్రకళ అడిగింది. సిద్ధాంతి గారికి ఫోన్ చేశాను.

ఆయన వచ్చి ఇల్లంతా తిరిగి, అన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పి, హాల్లోకి వచ్చి దిక్సూచి అరచేతిలో పెట్టుకుని ఉత్తరం గోడ దగ్గర నిలబడ్డారు. ముఖం బొమ్మకు జానెడు దూరంలో ఉంది.

"ఏమిటమ్మా ఇది?"

"మంచుకొండ సార్," అంది వందన సంబరంగా.

సిద్ధాంతి గారు ఒక అడుగు వెనక్కి వేశారు. "ఎంత పని చేశారండీ! ఉత్తరం కుబేర స్థానం కదా. ఆయన దారికి అడ్డంగా తీసుకొచ్చి కొండను నిలబెట్టారేమిటి?"

"మీరు నిలబడ్డ చోటికెళ్ళి కొండ కనపడుతున్నదా సార్?" అని అడిగాను. నాకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"కనపడటం లేదనుకోండి. కానీ అమ్మాయి చెప్పింది కదా."

"చెప్పకపోతే?"

"చెప్పింది కదండీ!"

కుబేరుడు బొమ్మను ఎంత దూరం నుంచి చూస్తాడని కూడా అడుగుదామనుకున్నాను. అంతలో కాఫీ వచ్చింది.

కొండ బరువు కాబట్టి నైరుతి మూలకు పోవాలన్నారు. మా ఇంట్లో నైరుతి అంటే మేమిద్దరం పడుకునే గది. ఐలన్న మళ్ళీ వచ్చాడు. హాల్లో బెజ్జాన్ని సిమెంటుతో పూడ్చి, పడకగదిలో కొత్తది పెట్టాడు.

వందన ముఖం చూస్తే నాకు విషయం అర్థమైంది. అత్తామామల పడకగదిలోకి చుట్టాలు ఎవరు వస్తారు? వచ్చి ఎవరు బాగుందంటారు? పైగా ఆ గదిలో మంచానికీ గోడకూ మధ్య మనిషి పట్టేంత సందు. అక్కణ్ణుంచి కొండ కాదు కదా, గులకరాయి కూడా కనపడదు. అన్నీ మచ్చలే.

"పొద్దుగాల కండ్లు తెరుస్తనే గా మచ్చలు," అంది చంద్రకళ కొన్నాళ్ళకు. "నా కండ్లకే పొర అడ్డమొచ్చిందేమో అనుకున్న. కండ్ల దవాఖానకు పోదామా అయ్యా?"

మోటారు మళ్ళీ కాలలేదు. కానీ చంద్రకళకు తుమ్ములు పట్టుకున్నాయి. మే నెల ఎండలో ఆ తుమ్ములు ఎక్కడివో ఆమెకు తెలుసు. ఆమె చూపు గోడ వైపు పోయినప్పుడల్లా నేను ఇంకో వైపు తిరిగేవాణ్ణి.

అప్పుడే వంశీ సూర్యాపేట నుంచి జనార్దన్ అనే ఇంజినీరును పిలిచాడు. పై గదిని కిరాయికివ్వాలంటే దానికి బాత్రూం కావాలి కదా, అది ఎక్కడ కట్టాలో చూడడానికి. ఆయన ప్లాన్లు గీస్తాడు, వాస్తు కూడా చూస్తాడు. దిక్సూచి ఫోన్లోనే ఉంటుంది. మేడ మీద పని చూసుకుని కిందికి దిగుతూ, మా పడకగది తలుపు తెరిచి ఉంటే అక్కడే ఆగిపోయాడు.

"ఇదేంది సార్! నైరుతిల నీళ్ళు పెట్టిన్రు?"

"నీళ్ళు యాడున్నయ్?" అన్నాను.

"మంచంటే నీళ్ళే గదా సార్. నైరుతిల నీళ్ళుంటే ఇంటి యజమానురాలికి పానం మంచిగుండది."

చంద్రకళ సరిగ్గా అప్పుడే తుమ్మింది.

ఇద్దరు పెద్దమనుషులు రెండు మాటలు చెప్పినప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం మంచిదని నాకనిపించింది. ఒక ఆదివారం సిద్ధాంతి గారిని కోదాడ నుంచి, జనార్దన్ గారిని సూర్యాపేట నుంచి పిలిపించాను. అందరం మా పడకగదిలో గోడకు అతుక్కుని నిలబడ్డాం. వందన తలుపు దగ్గర నిలబడింది. ఆమె మాత్రమే బొమ్మను చూడగలిగేంత దూరంలో ఉంది.

"ఇది కొండ అండీ," అన్నారు సిద్ధాంతి గారు. "కొండ అంటే బరువు. బరువు నైరుతిలోనే ఉండాలి. శాస్త్రం."

"పంతులు గారూ, కొండ యాడ కనవడుతున్నది? మొత్తం మంచే," అన్నాడు జనార్దన్. "మంచు నీళ్ళు. నీళ్ళు ఈశాన్యంల ఉండాలె. ఇది గూడ శాస్త్రమే."

"గడ్డకట్టిన నీళ్ళండీ. గడ్డకట్టాక అది నీరు కాదు, రాయి లాంటిది. దానికీ బరువుంటుంది."

"ఇది మే నెల, మిర్యాలగూడ. గడ్డకట్టింది ఎన్నాళ్ళుంటది?"

వంశీ నవ్వాడు. చంద్రకళ వాడి వైపు చూసింది, వాడు నవ్వు ఆపాడు.

"లోపల కొండ, పైన మంచు ఉన్నప్పుడు లెక్కల ఏది ముందు పడుతది సార్?" అని ఇద్దరినీ అడిగాను.

"ఏది ఎక్కువుంటే అది," అన్నారిద్దరూ.

జనార్దన్ జేబులోంచి టేపు తీశాడు. ఇద్దరూ బొమ్మ మీదికి వంగారు. ఆయన ఒక నీలం మచ్చ మీద వేలు పెట్టాడు.

"అమ్మా, ఇది కొండనా, మంచా?"

"అది నీడ సార్," అంది వందన.

"నీడ దేనిది? కొండదా, మంచుదా?"

"రెండిట్ల దేనిదో చెప్పరాదు సార్."

"గట్ల చెప్తే ఎట్ల తేలుతది? ఇది?"

"అది గూడ నీడనే."

టేపు చుట్టేసుకుని జేబులో పెట్టుకున్నాడు. సిద్ధాంతి గారు వందన వైపు తిరిగి మెత్తగా అడిగారు. "చూడమ్మా, వేసినదానివి నువ్వు. నిజం చెప్పు. కొండ ఎక్కువ వేశావా, మంచు ఎక్కువ వేశావా?"

వందన కొంచెంసేపు బొమ్మ వైపు చూసింది. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు. అప్పటికి రాదు.

"నేను రెండూ ఎయ్యలే సార్. పొద్దెక్కేటప్పుడు వెలుతురు ఉంటది సూడుండ్రి, అది ఏసిన. కొండ, మంచు వాటంతట అవే వచ్చినయ్."

పెద్దలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళ ముఖాల్లోంచి ఏదో భారం దిగిపోయింది.

"వెలుతురు అంటే సూర్యుడు," అన్నారు సిద్ధాంతి గారు.

"ఎండ, వేడి," అన్నాడు జనార్దన్.

"అగ్ని తత్వం!"

"ఆగ్నేయం!"

"సూర్యుడైతే తూర్పు గదా?" అన్నాను నేను.

"తూర్పున మీకు గోడేదండీ? అంతా తలుపులూ కిటికీలే కదా!"

అది నిజమే. సిద్ధాంతి గారు చెప్పిన ప్రకారమే కట్టించాను. మా ఇంట్లో ఆగ్నేయం అంటే వంటిల్లు. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని టీ తాగి, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని వెళ్ళారు. ఏకాభిప్రాయం కుదిరినప్పుడు పెద్దలకు కలిగే ఆనందం చూడ్డానికి బాగుంటుంది. వందన ఆ ఆనందాన్ని తలుపు దగ్గరే నిలబడి చూసింది.

"దేవుని ఊరేగింపు లెక్క ఇల్లంత తిరుగుతున్నది గదన్నా ఈ బొమ్మ," అన్నాడు ఐలన్న, పొయ్యి పక్క గోడకు డ్రిల్లు పెడుతూ. "మంచును తెచ్చి గ్యాసు పొయ్యి మీద పెడుతున్నరు. నాకేంది, పెడత. కరిగితే నన్ను అడగొద్దు."

ఆ రోజు నుంచి మనాలి కొండ మీద మా ఇంటి తాలింపు పడసాగింది. ఆవాలు చిటపటలాడి మంచు మీదికి ఎగిరేవి. కుక్కరు కూత వేసినప్పుడల్లా శిఖరం కనపడకుండా పొగమంచు కమ్మేది. ఒకనాడు పులిహోర కలుపుతుంటే పసుపు ఎగిరిపడి లోయలో మరక పడింది.

"ఏం గాదు తియ్," అంది చంద్రకళ కోడలితో. "నీ బొమ్మల అన్ని రంగులున్నయ్ గదా. గిది గూడ ఉంటది."

తుమ్ములు తగ్గాయి. దవాఖాన నుంచి తెచ్చిన మాత్రల వల్ల అని నేననుకున్నాను. గ్యాసు సిలిండరు కూడా మునుపటికన్నా ఎక్కువ రోజులు వస్తున్నదని చంద్రకళ కనిపెట్టింది. వంటింట్లోకి వచ్చే చుట్టాలు ఆడవాళ్ళే. వాళ్ళు కొత్త పొయ్యిని చూస్తారు, చిమ్నీని చూస్తారు, గ్రానైటు ఎక్కడ కొన్నారని అడుగుతారు. బొమ్మను చూసి ఇది చిమ్నీతో పాటు వచ్చిందా అని అడిగింది ఒకావిడ.

ఒక సాయంత్రం నేను మంచినీళ్ళ కోసం పోయేసరికి వందన తడి గుడ్డతో ఆ పసుపు మరకను తుడుస్తున్నది.

"బాధైతున్నదా బిడ్డా?"

"బొమ్మకు గాదు మామయ్యా. వెలుతురు ఏసిన అని ఎందుకు చెప్పిన్నా అని."

"నిజమే చెప్పినవ్ గదా."

"గందుకే," అంది.

నిజం చెప్పినందుకు శిక్ష పడ్డవాళ్ళ కథలు నేను పురాణాల్లో చాలా విన్నాను. వాళ్ళందరికీ చివరికి మేలు జరుగుతుంది. కాకపోతే మధ్యలో చాలా ఏళ్ళు పడుతుంది. మా కోడలికి అంత సమయం లేదు. పై గదికి కిరాయిదారు దొరికాడు. బ్యాంకులో ఉద్యోగం, భార్యాభర్తలిద్దరే, మంచివాళ్ళు. గది చూసుకుని, కిటికీలు బాగున్నాయని మెచ్చుకుని, బాత్రూం కట్టేదాకా కిందిది వాడుకుంటామని చెప్పి, అడ్వాన్సు ఇస్తామన్నారు. మంచిరోజు చూసి చెప్తానంది చంద్రకళ.

ఆ వారమంతా వందన ఫోన్లో రంగుల పాఠాలు వినపడలేదు. కూరగాయలు తరుగుతున్నా, బట్టలు మడత పెడుతున్నా ఎవరో ఒకాయన గంభీరంగా వాస్తు చెబుతూ ఉండేవాడు. నాకు సంతోషం వేసింది. పిల్లకు పెద్దల దారి మీద గురి కుదిరింది అనుకున్నాను. అంత చదువుకోని వాణ్ణి, అంతకన్నా ఏమనుకోగలను?

శుక్రవారం పొద్దున చంద్రకళ కోదాడకు ఫోన్ చేసింది. స్పీకరు పెట్టి, క్యాలెండరు ముందేసుకుని కూర్చుంది. కిరాయిదారు పాలు పొంగించడానికి ఏ రోజు మంచిదని అడిగింది. సిద్ధాంతి గారు లెక్క చూసి బుధవారం చెప్పారు. అంతటితో అయిపోయేది. వందన అత్తగారి ముందు టీ గ్లాసు పెడుతూ, నేలను చూస్తూ మెల్లగా అంది.

"అత్తమ్మా, గా గది ఏ మూలకున్నదో సార్‌కు ఒక్కమాట చెప్పుండ్రి. రేపు ఏమన్న అయితే మల్ల ఐలన్ననే పిలవాలె."

ఐలన్న పేరు వినగానే చంద్రకళ అదిరిపడింది. "సార్, ఆ గది మేడ మీద..." అని వందన వైపు చూసింది.

"ఈశాన్యం," అంది వందన.

"ఈశాన్యం!" ఫోన్లోంచి సిద్ధాంతి గారి గొంతు వంటింటి దాకా వినపడింది. "ఈశాన్యం పరాయివాళ్ళ చేతికిస్తారా అండీ? ఈశ్వర స్థానం! ఈశాన్యం ఇచ్చుకుంటే ఇంక మీకు మిగిలేదేమిటి?"

"అయితే తాళమేసి పెట్టాల్నా సార్?" అన్నాను నేను.

"మూసేస్తే ఇంకా దోషం. రోజూ తెరవాలి, ఊడ్వాలి. ఇంటి మనిషి ఎవరైనా అక్కడ కూర్చుని శుభ్రమైన పనేదైనా చేసుకోవాలి. చదువు గానీ, సంగీతం గానీ, ఇదిగో అమ్మాయి వేస్తుంది చూడండి, బొమ్మలు గానీ. కాకపోతే బరువు పెట్టకూడదు. బీరువాలూ మంచాలూ వద్దు. పొయ్యి వద్దు. అమ్మాయితో చెప్పండి, కొండలు కూడా వేయకూడదక్కడ. వెలుతురు, ఎండ అసలే వద్దు. నీళ్ళు వేసుకోమనండి. నీళ్ళు ఎన్ని వేస్తే అంత మంచిది."

చంద్రకళ ఫోన్ పెట్టేసి చాలాసేపు క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుంది. కిరాయి పోయిందన్న బాధ ఒక వైపు, ఈశ్వర స్థానం ఇంకో వైపు. చివరికి ఈశ్వరుడే గెలిచాడు. బ్యాంకాయనకు ఏం చెప్పాలో నాకు అప్పజెప్పింది. నేను మిర్యాలగూడలో కిరాయి ఇళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయనకు రాసిచ్చాను. జనార్దన్ గీసిన బాత్రూం ప్లాను అలాగే ఉండిపోయింది.

"గది నీదే," అంది కోడలితో. "కానీ నీళ్ళే ఏయాలె. నేనొచ్చి సూస్త."

"సరే అత్తమ్మా. కింది బొమ్మ గూడ పైకి తీస్కపోత. తాలింపు పడుతున్నది."

"అది యాడికి పోతది? అది అగ్ని. పొయ్యి కాడ్నే ఉండాలె. అదున్నప్పటికెళ్ళి గ్యాసు ఎట్లొస్తున్నదో సూస్తలేవా?"

వందన ఇంకోసారి అడగలేదు. స్టాండు, రంగులు, కుంచెలు ఉన్న సంచి తీసుకుని మేడ ఎక్కింది. కుర్చీ కూడా బరువే అని చంద్రకళ తేల్చింది కాబట్టి నిలబడే వేస్తున్నది. కొత్త గదిలో మొదటి బొమ్మకు చాలా రోజులు పట్టింది. పనులన్నీ అయ్యాక మధ్యాహ్నం పూట ఎక్కి, పొయ్యి వెలిగించే వేళకు దిగేది. నేను పైకి పోలేదు. దేవుడి మూల కదా, పిలవకుండా పోవడం ఎందుకని.

పోయిన గురువారం మిల్లుకు సెలవు. మెట్ల మీద కుండీలకు నీళ్ళు పోస్తూ పోస్తూ మేడ మీదికి చేరాను. వందన తలుపు తెరిచే పెట్టింది. స్టాండు గది మధ్యలో ఉంది. దగ్గరికి పోయి చూశాను. ఎప్పటిలాగే మచ్చలు. ఎక్కువగా నీలం, ఆకుపచ్చ, అక్కడక్కడా కాషాయం. నీళ్ళయినా కావచ్చు అనుకుని, బయటికి వచ్చి, మెట్ల దగ్గర నిలబడి ఊరికే వెనక్కి తిరిగాను.

కొండ. కింది బొమ్మలో ఉన్నదాని కన్నా పెద్దది. శిఖరం నిండా మంచు, ఆ మంచు నిండా పొద్దు. సిద్ధాంతి గారు ఆ గదిలో ఏవేవి వద్దన్నారో అవన్నీ ఒకటి కూడా మిగలకుండా అందులో ఉన్నాయి. చూస్తుంటే నాకు కొంచెం భయం వేసింది. భయంతో పాటు ఇంకా చూడాలని కూడా అనిపించింది. నా ఇంటి ఈశాన్యంలో అంత కొండ నిలబడి ఉంటే నేను దణ్ణం పెట్టాలా, దోషపరిహారం చేయించాలా తేల్చుకోలేకపోయాను. ఈశ్వరుడు ఉండేది కొండ మీదే కదా అన్న మాట కూడా అప్పుడే తట్టింది. ఇన్నాళ్ళూ మాలో ఎవరికీ ఎందుకు తట్టలేదో తెలియదు.

వందన కుంచె పట్టుకుని నన్నే చూస్తున్నది. నేను చూశానని ఆమెకు తెలిసిపోయింది.

కింద నుంచి చంద్రకళ కేకేసింది. "ఏమయ్యా, పైన్నే ఉన్నవా? ఏమేస్తున్నదట?"

"నీళ్ళు," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. పొద్దున దీపం పెట్టి దేవుణ్ణి తలచుకున్న నోరే అది.

"ఆగు, నేను గూడ సూస్త," అంది చంద్రకళ. మోకాళ్ళ మీద చేతులు వేసుకుంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్న చప్పుడు వినిపించింది.

వందన ముఖం తెల్లబోయింది. గుడ్డ కోసం వెతుకుతున్నది, బొమ్మ మీద కప్పడానికి. తడి రంగు మీద గుడ్డ కప్పితే ఏమవుతుందో నాకు కూడా తెలుసు. గది లోపలికి పోయి స్టాండు ఒక కాలు పట్టుకున్నాను.

"దీన్ని గడప కాడికి జరుపు బిడ్డా," అన్నాను మెల్లగా. "గుమ్మంల నిలబడుతనే ముక్కుకు తగిలేటట్టు పెట్టు. ఎనకకు జరగడానికి జాగ ఉండొద్దు."

ఆ పిల్ల నన్ను ఒక్క క్షణం చూసి, రెండో కాలు పట్టుకుంది. ఇద్దరం స్టాండును గడప లోపల ఆనించి పెట్టాం. నేను దాని పక్కనుంచి బయటికి వచ్చి నిలబడ్డాను. చంద్రకళ ఆయాసపడుతూ వచ్చి, గుమ్మంలో నిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, మావాళ్ళందరూ చూసినట్టే ముక్కు ఆనించి చూసింది. పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసింది.

"నీళ్ళే," అంది తృప్తిగా. "అలలు గూడ కనవడుతున్నయ్. ఈసారి మంచిగేసినవ్."

"మీరు చెప్పినట్టే ఏసిన అత్తమ్మా," అంది వందన, ముఖంలో ఏమీ కనపడనీయకుండా.

చంద్రకళ కిందికి దిగడానికి తిరిగింది. మలుపు దగ్గర ఒక మెట్టు ఉంది, అక్కణ్ణుంచి తల తిప్పితే గుమ్మం పూర్తిగా కనపడుతుంది. నేను ముందుగానే పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మెట్లు సూస్కుంట దిగు," అన్నాను. "అటిటు సూడకు. మోకాళ్ళు అసలే బాగలేవు."

"ఎన్నడు లేంది, ఇయ్యాల ఎంత ఫికరు!" అంది చంద్రకళ, నా చెయ్యి ఆసరాతో మెట్ల మీదే చూపు పెట్టి దిగుతూ.